స, గ, ప మాత్రమే తెలిసిన బూర

పిల్లలూ, అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం నాడు పరేడ్ మైదానంలో ఒకాయన నిటారుగా నిలబడి రాగి బూర ఊదడం మీరు టీవీలో చూసే ఉంటారు. దాన్ని బ్యూగిల్ అంటారు. పెళ్ళి బ్యాండులో ఊదే ట్రంపెట్‌కు పైన మూడు మీటలుంటాయి. సన్నాయికి వేళ్ళతో మూసి తెరిచే రంధ్రాలుంటాయి. ఈ బ్యూగిల్‌కు అవేమీ లేవు. ఒక చివర పెదాలు ఆన్చుకునే చిన్న గిన్నె, రెండో చివర వెడల్పుగా విచ్చుకున్న మూతి, మధ్యలో చుట్లు తిరిగిన గొట్టం, అంతే. "వేళ్ళు కదపకుండానే స్వరాలు ఎలా మారుస్తున్నాడు తాతయ్యా?" అని మా మనవరాలు అడిగింది. బంగారంలాంటి ప్రశ్న. దీనికి జవాబు దొరికితే, రెండు వందల ఏళ్ళపాటు సైన్యాలు ఇంత చిన్న గొట్టాన్ని ఎందుకు నమ్ముకున్నాయో కూడా తెలిసిపోతుంది.

ముందు ఒక పని చేయండి. మొక్కలకు నీళ్ళు పెట్టే ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకటిన్నర మీటర్ల పొడవున తీసుకోండి. ఒక చివర వంటింటి గరాటా దూర్చండి. రెండో చివర శుభ్రంగా కడిగి, పెదాలకు ఆన్చి, బిగబట్టి, 'బ్ర్ర్' మని అదిరేలా ఊదండి. ఉత్త గాలి ఊదితే లాభం లేదు, పెదాలు అదరాలి. కాస్త ఓపిక పడితే ఇల్లదిరేలా ఒక ధ్వని పుడుతుంది. ఇప్పుడు పెదాలు ఇంకొంచెం బిగించండి. స్వరం మెల్లగా పైకి జారుతుందనుకుంటాం కదా? జారదు. ఉన్నపళంగా ఒక మెట్టు పైకి దూకుతుంది. ఇంకా బిగిస్తే ఇంకో మెట్టు. ఆ రెండు మెట్ల మధ్య నిలబడదామని ఎంత ప్రయత్నించినా గొట్టం నిలబడనివ్వదు.

ఎందుకో చూద్దాం. పెదాలు తెరుచుకుని మూసుకున్న ప్రతిసారీ గాలి ఒత్తిడి చిన్న తరంగంగా గొట్టంలోకి వెళ్తుంది. సెకనుకు దాదాపు 340 మీటర్ల వేగంతో పరుగెత్తి అవతలి మూతిని చేరుతుంది. అక్కడ కొంత బయటికి పోయి మనకు వినిపిస్తుంది. చాలా భాగం మాత్రం వెనుదిరిగి పెదాల దగ్గరికే వస్తుంది. అది వచ్చే వేళకు పెదాలు మళ్ళీ తెరుచుకోబోతుంటే వాటికి సాయం చేస్తుంది. వేళ కుదరకపోతే అడ్డుపడుతుంది. బట్టలారేసే తాడును ఒక కొస గుంజకు కట్టి రెండో కొస చేత్తో ఊపితే ఈ సంగతి కళ్ళకు కనిపిస్తుంది. నెమ్మదిగా ఊపినప్పుడు తాడంతా ఒకే ఉబ్బుగా లేస్తుంది. రెట్టింపు జోరుగా ఊపితే రెండు ఉబ్బులు, మూడు రెట్లయితే మూడు. రెండున్నర ఉబ్బులు మాత్రం ఎన్నటికీ నిలవవు. గొట్టంలో గాలి కూడా ఇలా పూర్ణ సంఖ్యల లెక్కకే లొంగుతుంది.

ఇప్పుడు అసలు బ్యూగిల్ దగ్గరికి వద్దాం. మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ సైనికులు ఊదే మామూలు బ్యూగిల్ చుట్లన్నీ విప్పితే పొడవు ఒకటిన్నర మీటర్ల లోపే ఉంటుంది. దాని మూల కంపనం సెకనుకు సుమారు 116. అంత కింది స్వరాన్ని ఎవరూ వాడరు. దానికి రెండు రెట్లు 233, మూడు రెట్లు 350, నాలుగు రెట్లు 466, ఐదు రెట్లు 583, ఆరు రెట్లు 699. సైనిక పిలుపులన్నీ దాదాపు ఈ ఐదింటితోనే నడుస్తాయి. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు ఈ లెక్కను ఇట్టే పట్టేస్తారు. 466ను షడ్జమం అనుకుంటే 233 కింది షడ్జమం, 350 కింది పంచమం, 583 అంతర గాంధారం, 699 పంచమం. అంటే సరిగమపదనిలో ఈ బూరకు వచ్చినవి స, గ, ప మాత్రమే. రి లేదు, మ లేదు, ద లేదు. ఏడో రెట్టు దగ్గర ఒక స్వరం ఉంది గానీ అది కైశికి నిషాదానికి కాస్త దిగువన పడుతుంది, ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోదు. అందుకని పిలుపులు దాని జోలికి పోవు.

తంబురా చక్కగా శ్రుతి చేసి మీటితే, ఎవరూ మీటని గాంధారం ఒకటి దానంతటదే పలుకుతుంది. మన సంగీత విద్వాంసులు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. తంబురా తీగలో పుట్టే ఆ గాంధారమూ రాగి గొట్టంలో పుట్టే ఈ గాంధారమూ ఒకే లెక్కలోంచి వచ్చాయి, రెండూ మూల కంపనానికి ఐదో రెట్టే. త్యాగరాజ ఆరాధనలో ఒకటి, రణరంగంలో ఒకటి! భౌతికశాస్త్రం మీద నాకు ఇంత ప్రేమ కలగడానికి ఇలాంటి చుట్టరికాలే కారణం.

ఇందులో ఇంకో కిటుకుంది, పెద్ద పిల్లలు జాగ్రత్తగా వినండి. ఒక చివర మూసిన సాదా గొట్టంలో 1, 3, 5, 7 అని బేసి రెట్లే పలకాలి. ఊదేవాడి పెదాలు ఆ చివరను దాదాపు మూసేసినట్టే. మరి 2, 4, 6 ఎక్కడివి? ఆ విచ్చుకున్న మూతీ, నోటి దగ్గరి గిన్నే కలిసి కంపనాలన్నింటినీ కొంచెం పైకీ కిందికీ జరిపి 2, 3, 4, 5, 6 అనే వరసలో కూర్చోబెడతాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆర్థర్ బెనాడే లాంటి శాస్త్రవేత్తలు దీన్ని కొలతలతో వివరించారు. వాళ్ళకంటే ఎంతో ముందే రేకు సాగగొట్టే కంచరివాళ్ళు చెవిని నమ్ముకుని అదే ఆకారానికి చేరుకున్నారు. ఏ సమీకరణమూ లేకుండా సుత్తితో సాధించిన ఆ పనితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

స్వరాలు తక్కువ కావడం లోపంలా కనిపిస్తుంది. నేనైతే బ్యూగిల్ బలమంతా అక్కడే ఉందంటాను. సన్నాయి ఊదే మనిషి చేతులు వణికితే అపస్వరం వస్తుంది. ఫిడేలులో వేలు వెంట్రుకవాసి జరిగితే శ్రుతి పోతుంది. బ్యూగిల్ ఊదేవాడు చలిలో, వానలో, గుండ్ల మధ్య, ఆకలితో నిలబడి ఊదుతాడు. అతనికి ఏ స్వరం ఎక్కడుందో వెతుక్కునే పని లేదు, గొట్టమే వాటిని ముందుగా ఏర్పాటు చేసి పెట్టింది. తప్పితే పక్క మెట్టు మీద పడతాడు గానీ మెట్ల మధ్యలో పడడు. ఈ చివర పటాలంలో పలికిన గాంధారమే ఆ చివర పటాలంలోనూ పలుకుతుంది. స్వరాలు ఐదే అయినా, నాలుగు స్వరాల వరస ఒకటి కూర్చాలంటే 5×5×5×5, అంటే 625 రకాలుగా కూర్చవచ్చు. దానికి లయ తోడైతే ఇక లెక్కే లేదు. నిద్ర లేవండి, గుర్రాలకు దాణా పెట్టండి, భోజనానికి రండి, ముందుకు నడవండి, ఆగండి, వెనక్కి రండి అని ఎన్నెన్ని ఆజ్ఞలైనా పట్టే భాష అది.

బూరతో ఆజ్ఞలివ్వడం చాలా పాత అలవాటు. తెలుగు బైబిలు సంఖ్యాకాండము 10వ అధ్యాయంలో రెండు వెండి బూరల ముచ్చట ఉంది. రెండూ ఊదితే జనమంతా రావాలి, ఒకటే ఊదితే పెద్దలు మాత్రమే రావాలి. ఆర్భాటంగా ఊదితే తూర్పు దిక్కు దండు కదలాలి, రెండోసారి అలాగే ఊదితే దక్షిణపు దండు కదలాలి. ఎంత చక్కని సంకేత పట్టికో చూడండి! ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిలో వెండిదొకటి, రాగి మిశ్రమంతో చేసిందొకటి, రెండు బూరలు దొరికాయి. మూడువేల మూడు వందల ఏళ్ళ నాటివి. 1939లో జేమ్స్ టాపర్న్ అనే సైనిక వాద్యకారుడు వాటిని ఊదితే బీబీసీ రేడియో ప్రపంచానికంతటికీ వినిపించింది. రెండూ పొట్టి గొట్టాలే కాబట్టి వాటికి స్వరాలు మరీ తక్కువ. మన శంఖం సంగతి కూడా ఇంతే. గీత మొదటి అధ్యాయంలో వీరులంతా ఎవరి శంఖం వారు పూరిస్తారు కదా, వాటిలో కొన్ని శంఖాలకు సొంత పేర్లూ ఉన్నాయి. శంఖంలోనూ పెదాలే అదురుతాయి, లోపల మెలి తిరిగిన గొట్టమే ఉంటుంది. అది మరీ పొట్టిది గనక సాధారణంగా ఒకే స్వరం పలుకుతుంది.

సైన్యంలోకి బ్యూగిల్ వచ్చింది వేట దారిలో. జర్మన్ ప్రాంతాల్లో అడవి వేటగాళ్ళు అర్ధచంద్రాకారపు కొమ్ము ఊది ఒకరినొకరు పిలుచుకునేవాళ్ళు. 1758 ప్రాంతంలో హానోవర్ సైన్యం ఆ వేటగాళ్ళను తుపాకీ దళంగా చేర్చుకున్నప్పుడు వాళ్ళతో పాటు కొమ్మూ వచ్చింది. తరువాత ఆంగ్లేయుల తేలిక పటాలాలు దాన్ని అందుకున్నాయి. వేట పిలుపు యుద్ధంలోకి వచ్చినా వేట వాసన మాత్రం పోలేదు. 1776 సెప్టెంబరు 16న న్యూయార్క్ దగ్గర హార్లెమ్ హైట్స్‌లో అమెరికా సేనాని వాషింగ్టన్ మనుషులు వెనక్కి తగ్గుతుంటే ఆంగ్లేయులు యుద్ధ పిలుపు ఊదలేదు, నక్కల వేటలో ఊదే పిలుపు ఊదారు. మీరు పారిపోయే నక్కలు అని దాని అర్థం. ఆ అవమానం గుండెలో గుచ్చుకుందని వాషింగ్టన్ దగ్గరి అధికారి జోసెఫ్ రీడ్ రాసుకున్నాడు. చివరికి ఆ రోజు అమెరికన్లే తిరగబడి ఆంగ్లేయులను వెనక్కి నెట్టారు.

అప్పటిదాకా కాల్బలానికి డప్పే దిక్కు. డప్పును వదిలి బూరను ఎందుకు పట్టారో చూడండి. వరసగా భుజం భుజం కలిపి నడిచే సైన్యానికి డప్పు సరిపోతుంది. రైఫిల్ వచ్చాక సైనికులు చెదిరిపోయి, చెట్ల చాటున ఇద్దరిద్దరుగా ఉండి పోరాడడం మొదలుపెట్టారు. వాళ్ళ చెవిదాకా ఆజ్ఞ వెళ్ళాలి. వాన పడితే డప్పు చర్మం వదులై మొద్దుబారుతుంది. పెద్ద డప్పు మోస్తూ పొదల్లో దూరలేం. రాగి గొట్టానికి వాన భయం లేదు, ఒక్క చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు. అన్నిటికీ మించి, బూర మూతి ధ్వనిని, ముఖ్యంగా అందులోని పై కంపనాలను, ఎదురు దిక్కుకు మళ్ళిస్తుంది. మనిషి చెవి రెండు వేల నుంచి నాలుగైదు వేల కంపనాల మధ్య మహా చురుకు. గట్టిగా ఊదిన బూరలో ఆ మేర కంపనాలు దండిగా ఉంటాయి. తేలిక కాల్బలాలకు కొమ్ము బూర గుర్తు అయింది ఇందుకే. నేటికీ మన మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ చిహ్నంలో అది ఉంది.

1810లో డబ్లిన్‌లో జోసెఫ్ హాలిడే అనే బ్యాండ్ మాస్టరు బ్యూగిల్‌కు రంధ్రాలు పెట్టి, మీటలు బిగించి, పేటెంటు తీసుకున్నాడు. స్వరాలన్నీ పలికాయి, సంగీత కచేరీలకు బ్రహ్మాండంగా పనికొచ్చింది. ఆజ్ఞలకు మాత్రం సైన్యాలు మీటలు లేని దాన్నే ఉంచుకున్నాయి. సరైన పనే చేశాయి. బురదలో పడినా, సొట్ట పోయినా పలికేది అదే.

ఇక దూరం సంగతి. ధ్వని కిలోమీటరు నడవడానికి మూడు సెకన్లు పడుతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. అయినా తెల్లవారుజామున మైళ్ళ దూరంలోని గుడి గంట మన చెవిన పడుతుంది, మధ్యాహ్నం అదే గంట వినపడదు. ఊరు సద్దుమణగడం ఒక కారణమే, రెండో కారణం గాలిలో ఉంది. వేడి గాలిలో ధ్వని వేగం ఎక్కువ. పగలు నేల కాగి, కింది గాలి వేడెక్కితే తరంగం అడుగు భాగం ముందుకు పోతుంది, దాంతో తరంగమంతా ఆకాశం వైపు ఒంగుతుంది. రాత్రి నేల చల్లబడి, కింది గాలి చల్లగా, పై గాలి కొంచెం వెచ్చగా ఉన్నప్పుడు తరంగం నేలవైపు ఒంగి దూరందాకా పాకుతుంది. సైన్యంలో రోజుకు రెండు ముఖ్యమైన పిలుపులు, తెల్లవారి మేలుకొలుపూ రాత్రి పడక పిలుపూ, ధ్వనికి అనుకూలమైన ఈ రెండు వేళల్లోనే పడ్డాయి.

ఈ ఒంపు ఒక్కోసారి సేనాపతుల కొంప ముంచింది. అమెరికా అంతర్యుద్ధంలో 1862 అక్టోబరు 8న కెంటకీలోని పెరీవిల్ దగ్గర భీకర పోరు జరిగింది. కొద్ది మైళ్ళ దూరంలోనే ఉన్న ఉత్తరాది (యూనియన్) సేనాపతి బ్యూయెల్‌కు ఆ ఫిరంగుల మోతే సరిగా చేరలేదు. గాలి, గుట్టలు, ఉష్ణోగ్రత కలిసి ధ్వనికి నీడ కట్టాయి. సాయం పంపాల్సిన దళాలు ఎన్నో పక్కనే ఉండి కూడా రోజంతా పోరులో దిగలేదు. ఫిరంగికే ఈ గతి పడితే బూర ఎంత!

పక్క దళం పిలుపు విని మన దళం కదిలితే ఇంకో చిక్కు. అందుకు మందు, పిలుపు ముందు పిలుపు. ముందుగా 'ఇది ఫలానా దళానికి' అని చెప్పే చిన్న స్వర గుచ్ఛం, ఆ వెనక అసలు ఆజ్ఞ. అదే యుద్ధంలో డానియెల్ బటర్‌ఫీల్డ్ అనే సేనాపతి తన బ్రిగేడ్‌కు ఒక ముందు పిలుపు తయారు చేసుకున్నాడు. సైనికులు దానికి ఆయన పేరే మాటలుగా కట్టి పాడుకున్నారు. చదువు రాని సైనికుడు కూడా పదుల కొద్దీ పిలుపులు గుర్తు పెట్టుకున్నాడంటే ఈ ఉపాయమే కారణం. ప్రతి స్వరానికీ ఒక మాట తగిలించి, ఎక్కువగా సార్జెంటునో వంటవాణ్ణో ఆటపట్టించే మాట తగిలించి, పాటలా పాడుకునేవాళ్ళు.

ఆ బటర్‌ఫీల్డే 1862 జూలైలో వర్జీనియాలోని హారిసన్స్ లాండింగ్ దగ్గర విడిది చేసి ఉన్నప్పుడు, రాత్రి దీపాలార్పే పిలుపు మరీ లాంఛనంగా ఉందనుకున్నాడు. తన బ్యూగిలర్ ఆలివర్ నార్టన్‌ను పిలిచి, ఒక కవరు వెనక పెన్సిలుతో రాసిన స్వరాలు చూపించి ఊదమన్నాడు. కొన్ని పొడుగు చేయించాడు, కొన్ని కురచ చేయించాడు. అవి పూర్వం వాడుకలో ఉన్న ఒక పాత పిలుపు నుంచి తీసుకున్న స్వరాలే. ఆ రాత్రి నార్టన్ ఊదితే, నిశ్చలమైన వేసవి గాలిలో అది పక్క బ్రిగేడ్ల దాకా వెళ్ళింది. తెల్లారేసరికి అక్కడి బ్యూగిలర్లు వచ్చి ఆ స్వరాలు రాసిమ్మని అడిగారు. 24 స్వరాల ఆ పిలుపే 'టాప్స్'. కొద్దికాలానికే కెప్టెన్ టిడ్‌బాల్ తన సైనికుణ్ణి ఖననం చేస్తూ, గౌరవంగా మూడుసార్లు తుపాకులు పేలిస్తే శత్రువు దాడి అనుకుంటాడేమోనని, వాటికి బదులు టాప్స్ ఊదించాడు. పడుకోండి అనే పిలుపు ఇక లేవని వాడికి పిలుపైంది.

ఈ టాప్స్ ఊదుతూ ఒక మహా కళాకారుడు తడబడ్డ ఘట్టం ఉంది. 1963 నవంబరు 25న ఆర్లింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ అంత్యక్రియలు. సార్జెంట్ కీత్ క్లార్క్ చలిలో చాలాసేపు నిలబడి, తుపాకులు పేలిన వెంటనే ఊదాడు. ఆయన చేతిలో ఉన్నది ట్రంపెట్టే, అయినా టాప్స్‌కు మీటలు నొక్కక్కర్లేదు. ఆరో స్వరం, అదే గాంధారం, చిట్లింది. ప్రపంచమంతా విన్నది. జాతి గుండె పగిలినట్టుందని జనం చెప్పుకున్నారు. శాస్త్రం ఏమంటుందంటే, పైకి వెళ్ళేకొద్దీ మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. బిగుసుకుపోయిన పెదవికి ఒక మెట్టు జారిపోవడం క్షణంలో పని. పైగా చల్లటి గాలిలో ధ్వని వేగం తగ్గుతుంది. గొట్టంలోని గాలంతా 35 డిగ్రీల నుంచి సున్నాకు దిగితే శ్రుతి దాదాపు అర స్వరం పడిపోతుంది. చలిదేశాల్లో ఊదేవాళ్ళు బూరను కోటు లోపల పెట్టుకుని వెచ్చచేస్తారు. అంత చలిలో మిగతా స్వరాలన్నీ శుద్ధంగా పలికించిన క్లార్క్ నా దృష్టిలో గొప్పవాడు.

మన దేశంలో అమరవీరుల సభల్లో వినిపించేది టాప్స్ కాదు, 'లాస్ట్ పోస్ట్'. అది బ్రిటిష్ సంప్రదాయం. రాత్రివేళ అధికారి కావలి చోట్లు ఒక్కొక్కటే తనిఖీ చేస్తూ చివరిదాన్ని చేరాక, ఇక అంతా భద్రంగా ఉంది అని చెప్పే పిలుపది. బెల్జియంలో ఈప్ర్ పట్టణంలోని మెనిన్ గేట్ కింద 1928 నుంచి ప్రతి సాయంత్రం 8 గంటలకు దాన్ని ఊదుతున్నారు. ఊదేవాళ్ళు సైనికులు కారు, ఆ ఊరి అగ్నిమాపక దళం సంప్రదాయంలో వచ్చినవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఊరిని ఆక్రమించిన నాలుగేళ్ళు మాత్రం అది ఆగింది. 1944 సెప్టెంబరు 6న పోలండ్ సైన్యం ఊరిని విడిపించిన సాయంత్రమే, ఊరి అంచున ఇంకా కాల్పులు జరుగుతుండగానే, మళ్ళీ ఊదారు. ఆ గోడల మీద మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి సమాధి దొరకని 54,000 మందికి పైగా సైనికుల పేర్లున్నాయి. వాళ్ళలో 400కు పైగా మన భారతీయులు. లాస్ట్ పోస్ట్, కొంతసేపు మౌనం, ఆ తరువాత మేలుకొలుపు పిలుపు. ఈ వరస నాకు ఎంతో ఇష్టం. మరణం వెనకే మేలుకొలుపు పెట్టినవాడు నిజంగా పెద్ద మనసున్నవాడు.

బ్యూగిలర్లలో ఎక్కువమంది కుర్రాళ్ళే అన్న సంగతి మరచిపోకూడదు. 1899 డిసెంబరు 15న దక్షిణాఫ్రికాలో కొలెన్సో యుద్ధంలో జాన్ డన్ అనే పద్నాలుగు పదిహేనేళ్ళ కుర్రాడు ముందుకు నడవమనే పిలుపు ఊది, గాయపడి, టుగేలా నదిలో బూర పోగొట్టుకున్నాడు. విక్టోరియా రాణి అతన్ని పిలిపించి కొత్త బూర బహూకరించింది. ఆ యుద్ధంలోనే గాయపడ్డవాళ్ళను మోసినవాళ్ళలో గాంధీగారు కూడగట్టిన భారతీయ ఆంబులెన్స్ దళం ఉంది. అందులో వందలమంది నాటాల్ ఒప్పంద కూలీలు. మద్రాసు రేవు నుంచి నాటాల్ చేరిన ఆ కూలీల్లో తెలుగువాళ్ళూ తమిళులూ పెద్ద సంఖ్యలో ఉండేవాళ్ళు. డన్ కథను వీరగాథగా చెబుతారు. బడిలో ఉండాల్సిన పిల్లవాణ్ణి గుండ్ల ముందు నిలబెట్టారన్న బాధే నాకు ఎక్కువ.

పాత పిలుపు ఎలా ఉండేదో మనకు చెవులారా తెలియడానికి ఎడిసన్ కారకుడు. 1854లో బలక్లావా యుద్ధంలో పాల్గొన్న లాండ్‌ఫ్రే అనే ట్రంపెటర్ చేత 1890 ఆగస్టులో లండన్‌లో, వాటర్లూ యుద్ధంలో మోగిన బూర మీద ఊదించి, మైనపు సిలిండర్ మీద రికార్డు చేశారు. నిరుపేదలైన బలక్లావా సైనికుల సహాయ నిధి కోసం జరిగిన పని అది. దానికోసమే ఫ్లోరెన్స్ నైటింగేల్ గొంతు కూడా రికార్డు చేశారు. గరగరల మధ్య నుంచి వినిపించే ఆ బూర మీరు తప్పక వినాలి.

1918 నవంబరు 7న సంధి కోసం జర్మన్ దూతలు ఫ్రాన్సులో లా కాపెల్ దగ్గర సైనిక రేఖ దాటుతున్నప్పుడు కాల్పులు ఆపండి అని ఊదినవాడు పియర్ సెలియే అనే కార్పొరల్. తరువాత రేడియో వచ్చింది. 1950 నాటి కొరియా యుద్ధంలో చైనా సైన్యానికి రేడియోలు చాలక, చీకట్లో బూరలూ ఈలలూ ఊది దళాలను నడిపితే, నాలుగు దిక్కుల నుంచీ వినవస్తున్న ఆ ధ్వనికి ఎదుటివాళ్ళు హడలిపోయారు. యుద్ధంలో ఆజ్ఞగా దాని చివరి పెద్ద కొలువు అదే అనుకోవచ్చు.

ఇప్పుడు చాలా దేశాల శిబిరాల్లో మేలుకొలుపు లౌడ్‌స్పీకరులోంచి వస్తోంది. అమెరికాలో మాజీ సైనికుల అంత్యక్రియలకు ఊదేవాళ్ళు చాలక, 2003లో బూర మూతి లోపల దాచే ఎలక్ట్రానిక్ పెట్టెకు అనుమతిచ్చారు. మీట నొక్కి బూరను పెదాలకు ఆన్చుకుని నిలబడితే రికార్డు మోగుతుంది. అవసరం వాళ్ళచేత ఆ పని చేయించింది. నాకు మాత్రం మనసొప్పదు. ఊదే మనిషి ఊపిరి, చలికి అదిరే పెదవి, చిట్లితే చిట్లిన గాంధారం, ఇవన్నీ చనిపోయినవాడికి మనమిచ్చే గౌరవంలో భాగం.

మన దగ్గర ఇంకా మనుషులే ఊదుతున్నారు. మేరఠ్‌లో ఇప్పటికీ రాగి రేకు సాగగొట్టి బ్యూగిళ్ళు తయారు చేస్తున్నారు. జనవరి 29 సాయంత్రం ఢిల్లీ విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ జరుగుతుంది, జెండా దించే ముందు బ్యూగిలర్లు ఊదుతారు. ఈసారి టీవీ ముందు కూర్చుని స, గ, ప వెతకండి. మీ బడిలో ఎన్.సి.సి. ఉంటే, స్కౌట్స్ ఉంటే, అక్కడ బూర మూలన పడి ఉందేమో చూడండి. ఉంటే తీసి తుడిచి, నేర్పేవాళ్ళెవరైనా ఉన్నారేమో వాకబు చేసి, ఒక అమ్మాయికో అబ్బాయికో నేర్పించమని అడగండి. అది దొరికేదాకా గొట్టమూ గరాటా ఎలాగూ ఉన్నాయి, ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టండి.